ఎదురు చుట్టు

పన్నెండవ భాగం

ఆ స్క్రూ తప్పు వైపు తిరిగి ఉంది. క్రిందటి వారం మనం చంద్రికను ఆ కంప్యూటర్ తెర ముందే వదిలి వచ్చాం.

ఈ వారమే కథలోకి వచ్చినవారి కోసం కొద్ది మాటలు. హర్షవర్ధన్ వర్జీనియాలో జియాలజీ చదువుతూ, ఏడాదిన్నర కిందట అక్టోబర్ నెలలో కారు ప్రమాదంలో పోయాడు. ఆకులు రాలే ముందు ఎర్రబడే కొండలు చూడబోయాడని అందరూ అన్నారు. ఆ ఏడాది వేసవిలో అతను కొండల అవతలి సున్నపురాయి క్వారీ నుంచి ఒక రాతి ముక్క తెచ్చాడు. దాని లోపల, ఒకప్పటి సముద్రంలో బతికిన నత్త ఒకటి రాయిలో రాయిగా ఉండిపోయింది. మామూలు నత్తల చుట్టు ఎటు తిరుగుతుందో దీని చుట్టు అందుకు ఎదురు. అది కొత్త జాతి అని ప్రొఫెసర్ చక్రపాణి, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న లోకేష్ కలిసి పేపర్ రాశారు. చనిపోయిన కుర్రవాడి పేరే దానికి పెట్టారు. సోమవారం డిపార్ట్‌మెంట్‌లో సభ. అందుకోసం హర్ష తల్లి, స్కూలు టీచర్ కృష్ణకుమారి తెనాలి నుంచి వచ్చింది. ఆమె చేతిలో పెట్టడానికి నత్త బొమ్మను ప్లాస్టిక్‌లో అచ్చు తీసే పని, చక్రపాణి దగ్గరే హర్షతో కలిసి చదివిన చంద్రికకు అప్పగించారు.

రాయిని ఎవరూ పగలగొట్టలేదు. లోపల ఏముందో ఎక్స్‌రేలే చూశాయి. రాయిని పైనుంచి కిందికి సన్నని పొరలుగా ఊహించుకుని, ఒక్కొక్క పొరకూ ఒక్కొక్క బొమ్మ తీస్తుంది స్కానర్. వందల బొమ్మలు. వాటిని వరసగా పేరిస్తే, రాయి మాయమై, లోపలి నత్త ఒక్కటే తెర మీద నిండుగా లేచి నిలబడుతుంది. పేర్చే పని సాఫ్ట్‌వేర్‌ది. వాళ్ళ ల్యాబ్‌లో వాడేది ఎవరైనా దించుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్. మంచిదే. కానీ అడిగిన పని చేస్తుంది, అడగనిది చెప్పదు. స్కానర్ కింది పొర నుంచి లెక్క మొదలుపెడుతుంది. సాఫ్ట్‌వేర్ మొదటి బొమ్మనే పై పొర అనుకుంటుంది. బొమ్మలు తెరిచేటప్పుడు ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి, వరస తిప్పమని చెప్పాలి. చెప్పకపోతే లోపలి వస్తువు అద్దంలో ప్రతిబింబంలా తయారవుతుంది. కుడి ఎడమ అవుతుంది. చూడడానికి మాత్రం ఏ వంకా కనిపించదు.

హర్ష ఒకసారి ఈ గడి దగ్గరే మోసపోయాడు. అప్పటి నుంచి స్కాన్‌కి పంపే ప్రతి రాయికీ పక్కన ఒక చిన్న ప్లాస్టిక్ స్క్రూ గమ్‌తో అంటించేవాడు. స్క్రూల మర ఎటు తిరుగుతుందో అందరికీ తెలుసు. తెర మీద స్క్రూ సరిగా ఉంటే రాయి సరిగా ఉన్నట్టు. ల్యాబ్‌లో వాళ్ళు నవ్వేవారు. “నత్త నాతో అబద్ధమాడుతుందేమో గానీ స్క్రూ ఆడదురా,” అనేవాడు హర్ష.

లోకేష్ ఇచ్చిన ఫైల్‌లో నత్త కొస తెగిపోయి ఉంది. తల్లికి తెగిన బొమ్మ ఇవ్వడం ఇష్టంలేక, చంద్రిక స్కానింగ్ సెంటర్‌కి రాసి, స్కానర్ తీసిన అసలు బొమ్మలన్నీ తెప్పించుకుంది. శనివారం సాయంత్రం తెరిచింది. నత్త పక్కన హర్ష స్క్రూ కనిపించింది. నత్తను ఎదురు చుట్టుగా చూపిస్తే స్క్రూ కూడా ఎదురు మర అవుతోంది. స్క్రూను సరిచేస్తే నత్త మామూలు నత్త అవుతోంది.

*

ఆదివారం మధ్యాహ్నం హెర్న్‌డన్‌లో చక్రపాణి ఇంట్లో భోజనం. కిటికీ అవతల పక్కింటివాళ్ళ గడ్డి కోసే లాన్ మూవర్ తిరుగుతోంది. బల్ల మధ్యలో, నేతి గిన్నెకూ గోంగూర పచ్చడికీ నడుమ, గాజు పెట్టెలో ఆ రాయి ఉంది. అప్పడాల కర్రను సగానికి కోసిన ముక్కలా, బూడిద రంగులో, ఏ విశేషమూ లేకుండా ఉంది. రేపటి సభ అయ్యాక అది మ్యూజియం సొరుగులోకి వెళ్ళిపోతుంది. ఒక్కపూట తల్లి దగ్గర ఉండనిద్దామని చక్రపాణి ఇంటికి తెచ్చాడు.

“ఇంకొంచెం వేసుకోండి వదినగారూ. పచ్చడి మిక్సీలో తిప్పింది కాదు. మా అమ్మగారి రాతి రోలు సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకున్నా. ఎయిర్‌పోర్ట్‌లో వాడు బాంబేమో అనుకున్నాడు,” అంది చక్రపాణి భార్య రాధారాణి.

కృష్ణకుమారి వేసుకుంది. ఏది వడ్డించినా వద్దనడం లేదు. వేసినదంతా మెతుకు వదలకుండా తింటోంది. ఆమె ఎడమ చేతిలో, పొద్దున వచ్చీ రాగానే చంద్రిక పెట్టిన నత్త బొమ్మ ఉంది. అది లోకేష్ ఫైల్‌లోంచి ముందే తీసిన అచ్చు. కొస లేని బొమ్మ. దాన్ని బల్ల మీద పెట్టకుండా, ఒక చేత్తోనే అన్నం కలుపుకుంటోంది.

“ఉన్నమాట చెప్పుకోవాలి టీచర్‌గారూ,” అన్నాడు చక్రపాణి కుర్చీలో వెనక్కి వాలి. “మీ వాడు బ్రిలియంట్ స్టూడెంట్ ఏం కాదు. యావరేజ్. క్వాలిఫయింగ్ పరీక్షలో ఫెయిలయితే నేనే ఇంకో చాన్స్ ఇప్పించా. కానీ లక్ చూడండి. నేను ఇన్నేళ్ళుగా రాళ్ళు కొడుతున్నా. నా పేరు ఒక పురుగుకి కూడా పెట్టలేదు ఎవడూ.”

అతను నవ్వాడు. లోకేష్ కూడా నవ్వాడు.

“అవునండీ. అదృష్టవంతుడు,” అంది కృష్ణకుమారి.

“మన ఇళ్ళల్లో ఎదురు చుట్టు శంఖం కోసం ఎంత వెతుకుతారు! దొరికితే పూజగదిలో పెట్టుకుంటారు. ఇది అలాంటిదే అనుకోండి. ఇంక ప్రపంచం ఉన్నన్నాళ్ళూ ఆ పేరు ఉంటుంది.”

“గా రోజు ఆకులు చూస్త అని పోకపోతే, ఇయ్యాల మనతోనే కూసునేటోడు ఆంటీ,” అన్నాడు లోకేష్, పప్పులో నెయ్యి పోసుకుంటూ. “నేను చెప్పిన. వీకెండ్ ట్రాఫిక్ ఉంటది, వద్దురా అని. ఇంటేనా?”

కృష్ణకుమారి వేళ్ళు పళ్ళెంలో ఆగాయి.

“నేనూ అదే అనుకుంటాను బాబూ,” అంది. “ఇంట్లో వాడి ఫోటో కూడా పెట్టలేదు మేము. పెడదామంటే మావారు ఒప్పుకోలేదు. లక్షణంగా చదువుకోమని పంపిస్తే, ఎర్రాకులు చూడబోయి చచ్చిన వెధవకి దండ కూడానా అన్నారు. ఆయన అన్నదానికి నేను అడ్డు చెప్పలేదు. నాకూ కోపంగానే ఉండేది.”

తరగతిలో మార్కులు చదివినట్టు చెప్పింది ఆ మాటలు. తర్వాత మజ్జిగ అడిగింది.

చంద్రిక లేచింది. “లోకేష్, రేపటి స్లైడ్స్ ఒకసారి చూడాలి. కిందికి వస్తావా?”

*

బేస్‌మెంట్‌లో పాత సోఫా, పిల్లలు వదిలేసిన పింగ్‌పాంగ్ బల్ల ఉన్నాయి. లోకేష్ బొబ్బట్టు ఉన్న పేపర్ ప్లేట్ వెంట తెచ్చుకున్నాడు. చంద్రిక పింగ్‌పాంగ్ బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి అతని వైపు తిప్పింది.

“ఇదేంది?”

“హర్ష స్క్రూ.”

“అది నాకు కనబడ్తలేదా? ఈ డేటా ఎక్కడిది?”

“స్కానింగ్ సెంటర్ వాళ్ళు పంపారు. నీ ఫైల్‌లో కొస తెగిపోయింది కదా. పూర్తిది కావాలని అడిగాను.”

“అడిగితే ఇచ్చిండ్రా?”

“ఒక్క మెయిల్ పెట్టాను. మర్నాడే డిస్క్ పంపించారు.”

లోకేష్ బొబ్బట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నములుతూ తెర వైపు చూశాడు. చంద్రిక పక్కనున్న నీళ్ళ సీసా చేతిలోకి తీసుకుంది.

“దీని మూత బిగించాలంటే కుడివైపు తిప్పాలి. ఆ స్క్రూ అయినా అంతే. నువ్వు పెట్టిన వరసలో చూడు. ఎడమకి తిప్పితే బిగుసుకునేలా ఉంది. అంటే మొత్తం…”

“ఎల్‌కేజీ పోరగాళ్ళకి చెప్పినట్టు చెప్పకు. తెల్సు నాకు.”

“ఏం తెలుసు?”

“తిరగబడ్డదని తెల్సు.”

చంద్రిక సీసా కింద పెట్టింది. రాత్రంతా ఆమె ఈ సంభాషణను ఎన్నో రకాలుగా ఊహించుకుంది. లోకేష్ కాదంటాడనుకుంది. తెల్లబోతాడనుకుంది. ఇద్దరూ కలిసి ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళే దారి కూడా ఊహించింది. తెలుసు అంటాడని మాత్రం అనుకోలేదు.

“చేసినప్పుడు తెల్వది,” అన్నాడు లోకేష్. “టిక్కు పెట్టాల్నని నాకెవడు చెప్పిండు? పైసలు పెట్టి కొన్నదానికైతే ఫోన్ చేస్తే ఎత్తుతరు. దీనికి ఎవడున్నడు? ఫోరమ్‌ల పోస్ట్ పెట్టి, ఎవడో ఒకడు దయ తల్చి రిప్లై ఇచ్చేదాక కూసోవాలె.”

“స్క్రూ ఉంటే తెలిసేది. ఫైల్‌లో స్క్రూ ఎందుకు కోసేశావు, కొసతో సహా?”

“అసయ్యంగ ఉండె. జర్నల్‌ల నత్త పక్కన స్క్రూ ఏస్తరా ఎవరన్న? రాయి మీదికెళ్ళి గూడ పీకేసిన. ఫోటో మంచిగ రాలే.”

“సర్‌కి తెలుసా?”

“సర్‌కి ఏది తెల్వద్దో అది తెల్వది. గందుకే ఆయన సర్.”

“ఇప్పుడైనా చెబుదాం లోకేష్. రేపు సభ కాకముందే.”

లోకేష్ నవ్వాడు. అందులో కోపం లేదు. చిన్నపిల్లకు లెక్క చెప్పబోయే ఓపిక ఉంది.

“చెప్పు. సర్ పేపర్ వాపస్ తీస్కుంటడు. నీ థీసిస్‌ల మూడో చాప్టర్ ఏంది? ఈ నత్తనే. అది పోతే మే నెల గ్రాడ్యుయేషన్ పోతది. గ్రాడ్యుయేషన్ లేకపోతే పని చేస్కునే ఓపీటీ పర్మిట్ ఏడికెళ్ళొస్తది? హ్యూస్టన్‌ల ఆ ఆయిల్ కంపెనీవాడు ‘ఫర్వాలేదమ్మా, నువ్వు నిమ్మళంగ రా’ అని కుర్చీ తుడిచి పెడ్తడా నీకు? వీసా స్టేటస్ పోయి, బ్యాగులు సదురుకుని, ఇంటికి పోయి ఏం చెప్తవు? స్క్రూ ఎడమకి తిరిగింది నాన్నా అని చెప్తవా?”

చంద్రిక సీసా మళ్ళీ అందుకుని మూత బిగించింది.

“నా గ్రీన్ కార్డ్ ఫైల్ల మొదటి కాయితం ఈ పేపరే. లాయర్ దీని మీదనే కేసు కట్టిండు. సచ్చినోనికి పేరొచ్చింది. బతికినోనికి కార్డొస్తది. నీకు డిగ్రీ వస్తది. ఆమెకి కొడుకు దొరికిండు. ఇందుల ఎవనికి నష్టమో చెప్పు.”

“అబద్ధం కదా.”

“మరి పో. పైన కూసుంది గదా, పోయి చెప్పు. ‘ఆంటీ, మీ కొడుకు పేరు పెట్టిన నత్త ఉత్త నత్త. మీ తెనాలి కాలవ గట్టు మీద తొక్కుకుంట పోయే నత్త’ అని చెప్పు. మజ్జిగన్నం తింటాంది. ముద్ద దిగినంక చెప్పు, గొంతుకు అడ్డం పడ్తది.”

పైన కుర్చీ జరిగిన చప్పుడయింది. రాధారాణి ఏదో అంటోంది. కృష్ణకుమారి గొంతు వినిపించడం లేదు.

చంద్రిక ల్యాప్‌టాప్ మూసింది. ఆ క్షణంలో ఆమె ఓడిపోయింది. హ్యూస్టన్ ఆఫర్ గురించి ఇంటికి చెప్పిన రోజు తండ్రి ఫోన్‌లో ఆ కంపెనీ పేరు ఎన్నిసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడో గుర్తొచ్చింది. మూడో చాప్టర్‌లోని బొమ్మలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వచ్చాయి. లోకేష్ ఇక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ సోమవారం సభతో ముగిసిపోయేది. గెలిచినవాడు నోరు మూసుకోవడం కష్టం.

“హర్షకి గూడ ఇదే లొల్లి,” అన్నాడు లోకేష్, వేళ్ళకంటిన నెయ్యి కాగితానికి తుడుచుకుంటూ. “నా స్క్రూ ఏదిరా, నా స్క్రూ ఏదిరా అని పానం తిన్నడు. నత్త మీద నమ్మకం లేదంట. అసలు డేటా తెరుద్దాం అంటడు. సెంటర్‌ల డిలీట్ చేసిండ్రురా నాయనా, మళ్ల స్కాన్ అంటే సర్ పైసలియ్యడు అని చెప్తే గానీ…”

ఆగిపోయాడు.

చంద్రిక తల ఎత్తింది. “డిలీట్ చేశారని నువ్వు చెప్పావా?”

“చేసిండ్రనుకున్న.”

“అడిగావా వాళ్ళని?”

లోకేష్ ప్లేట్ మడిచాడు.

“అడగలేదు,” అంది చంద్రిక. “డిలీట్ అయిందని చెబితే హర్ష ఏమన్నాడు?”

“ఏమంటడు? ఏం అన్లే.”

“లోకేష్, హర్ష ఊరుకునేవాడు కాదు. ఏమన్నాడు?”

అతను మడిచిన ప్లేట్‌ను ఇంకో మడత పెట్టాడు. మాట అతని నోటి నుంచి వచ్చినప్పుడు దాదాపు వినిపించలేదు.

“ఇంకో ముక్క తెస్త అన్నడు.”

“ఎప్పుడు?”

“యాక్సిడెంట్‌కి ముందు రోజు.”

ప్రమాదం జరిగిన రోడ్డు ఇద్దరికీ తెలుసు. ఇక్కడి నుంచి పడమటికి పోతే అదే రోడ్డు ఎర్రాకుల కొండలకూ పోతుంది, కొండలు దాటి క్వారీకీ పోతుంది. పోలీసుల యార్డ్ నుంచి హర్ష సామాను తెచ్చింది లోకేషే. కారు డిక్కీలో సుత్తి, ఉలి, రాళ్ళు వేసే గుడ్డ సంచులు ఉన్నాయని చంద్రిక అప్పుడు చూసింది. “ఎప్పుడూ ఉంటయి వాని డిక్కీల,” అన్నాడు లోకేష్. ఎవరూ మారు అడగలేదు. తెనాలికి మొదట ఫోన్ చేసింది కూడా లోకేషే. ఆకులు అన్న మాట మొట్టమొదట అతని నోటి నుంచే వచ్చింది. పోలీసులకు, ప్రొఫెసర్‌కు, తల్లికి అందరికీ అక్కడి నుంచే వెళ్ళింది.

ఒక్క మెయిల్. అడిగితే మర్నాడే ఇచ్చేవాళ్ళు.

“నేను పొమ్మన్లే,” అన్నాడు లోకేష్. “నేను పొమ్మన్లే వాణ్ని. నువ్వు గట్ల చూడకు.”

చంద్రిక ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

*

బల్ల మీద పళ్ళేలు తీసేశారు. రాయి ఉన్న గాజు పెట్టె మాత్రం అక్కడే ఉంది. కృష్ణకుమారి చేయి కడుక్కుని వచ్చి, నత్త బొమ్మ చుట్టును చూపుడు వేలితో నెమ్మదిగా రాస్తూ కూర్చుంది.

“రా అమ్మా. ఇది ఎటు నుంచి మొదలవుతుంది? లోపలి నుంచా, బయటి నుంచా?”

“కొస నుంచి ఆంటీ. పుట్టినప్పుడు కొసంతే ఉంటుంది. పెరిగేకొద్దీ చుట్టూ తిరుగుతూ బయటికి వస్తుంది.”

“దీనికి కొస లేదే.”

“కోసేశారండీ.”

కృష్ణకుమారి తల ఊపింది. చంద్రిక ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నత్త దగ్గర మొదలుపెడితే కొడుకు దగ్గరికి చేరేలోపు ఆగిపోతానని భయం వేసింది.

“హర్ష ఆకులు చూడ్డానికి వెళ్ళలేదు ఆంటీ,” అంది.

చక్రపాణి కాఫీ కప్పు దించాడు. “చంద్రికా.”

“క్వారీకి వెళ్ళాడు సర్. ఈ నత్త బొమ్మ తిరగబడిందని అనుమానం వచ్చి, ఇంకో ముక్క కోసం వెళ్ళాడు.”

తర్వాత ఆమె మొత్తం చెప్పింది. ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. గోంగూర సీసా మూత తిప్పి చూపించింది. మాటలు తడబడ్డాయి, కానీ వరస తప్పలేదు. చెప్పినంతసేపూ కృష్ణకుమారి తెర వైపు చూడలేదు. చంద్రిక నోటి వైపు చూసింది.

“అయిందా?” అన్నాడు చక్రపాణి. గొంతు పెంచలేదు. “మే నెల వస్తుందంటే ఈ పిల్లలకి మతులు పోతాయి టీచర్‌గారూ. స్ట్రెస్. మీరేం పట్టించుకోకండి.” చంద్రిక వైపు తిరిగాడు. “ల్యాప్‌టాప్‌లో ఒక స్క్రూ ఎటు తిరిగిందో చూసి సైన్స్ మార్చేస్తామా? ఎదురు మర స్క్రూలు ప్రపంచంలో లేవా? ఆ స్క్రూ ఇప్పుడు ఎక్కడుంది? ఎవరు చూశారు? రాయి లోపలికి దూరి చూసి వచ్చావా నువ్వు?”

“హర్ష వాడే స్క్రూల ప్యాకెట్ నా దగ్గరే ఉంది సర్. అన్నీ మామూలువే.”

“ప్యాకెట్.” చక్రపాణి ఆ మాటను బల్ల మీద పడ్డ ఎంగిలి మెతుకును తీసినట్టు పలికాడు. “నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఎవరో గుర్తుందా? ఏ చాప్టర్ నీకు డిగ్రీ ఇస్తోందో అదే తప్పంటున్నావు. నేను నిన్ను నమ్మితే నువ్వు ఫెయిల్. నమ్మకపోతే నువ్వు అబద్ధాలకోరువి. ఏది కావాలో చెప్పు, సంతోషంగా ఇప్పిస్తా.”

బేస్‌మెంట్ మెట్ల మీద అడుగుల చప్పుడయింది. లోకేష్ పైకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మడిచిన ప్లేట్ ఇంకా చేతిలోనే ఉంది.

“లోకేష్ బాబూ,” అంది కృష్ణకుమారి. “ఆ రోజు ఫోన్‌లో నాతో మాట్లాడింది నువ్వే కదూ?”

“అవునాంటీ.”

“ఆకులు చూడ్డానికి వెళ్తున్నానని వాడు నీతో చెప్పాడా?”

లోకేష్ చక్రపాణి వైపు చూశాడు. చక్రపాణి కాఫీ కప్పులోకి చూసుకుంటున్నాడు.

“నన్ను చూసి చెప్పు నాయనా. నేను జీవితమంతా పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడిగినదాన్ని. జవాబు రానివాడు పైకప్పు చూస్తాడు. వచ్చి కూడా చెప్పనివాడు పక్కవాణ్ని చూస్తాడు.”

లోకేష్ తల దించుకున్నాడు. అదే జవాబు. కృష్ణకుమారి దాన్ని తీసుకుంది. ఆమె ఏడుస్తుందని రాధారాణి మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. ఆమె ఏడవలేదు.

“ఏడాదిన్నర వాణ్ని తిట్టుకున్నాను,” అంది. “పొద్దున లేవగానే ఒకసారి తిట్టుకునేదాన్ని. స్కూల్లో ప్రేయర్‌లో నిలబడి తిట్టుకునేదాన్ని. మంచి పని చేశావు బాబూ. వాణ్ని చంపింది రోడ్డు. మాకు లేకుండా చేసింది నువ్వు.”

తర్వాత చంద్రిక వైపు తిరిగింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంటుందని చంద్రిక ఎక్కడో ఆశపడింది.

“స్క్రూ సంగతి నీకు నిన్న సాయంత్రమే తెలుసా?”

“తెలుసు ఆంటీ.”

“అయినా పొద్దున ఈ బొమ్మ నా చేతిలో పెట్టావు. పెట్టి, ఇదుగో మీ హర్ష అన్నావు.”

చంద్రిక ల్యాప్‌టాప్ తెరను కిందికి వంచింది.

“నేను అన్నం తిన్నంతసేపూ చూస్తూ కూర్చున్నావు,” అంది కృష్ణకుమారి. “సరే.”

ఆమె నత్త బొమ్మను బల్ల మీద పెట్టింది. పెట్టడంలో విసురు లేదు. గాజు పెట్టె దగ్గరికి లాక్కుని, మూత తీసి, రాయిని బయటికి తీసింది. చక్రపాణి సగం లేచాడు. ఆమె రాయి చుట్టూ బొటనవేలితో తడుముతూ ఒకచోట ఆగింది. ఎండిన గమ్ మచ్చ గరుకుగా తగిలింది.

“ఇక్కడేనా అంటించాడు?”

“అక్కడే ఆంటీ.”

“ప్రొఫెసర్‌గారూ, రాయి లోపలికి దూరి ఎవరు చూశారని అడిగారు మీరు. న్యాయమైన ప్రశ్న. పగలగొడితే తెలుస్తుందా?”

“టీచర్‌గారూ, అది పగలగొట్టేది కాదు. ఆ జాతి పేరు ఈ ముక్క మీదే నిలబడి ఉంది. ఇంకోటి లేదు. పగిలితే మీ అబ్బాయి పేరుండదు. రేపు సభ ఉండదు. మీరు అంతదూరం వచ్చి, పెంకులు మూటగట్టుకుని వెళ్తారు.” చక్రపాణి గొంతు ఇప్పుడు మృదువుగా ఉంది. “పోయినవాడు ఎటూ రాడు. ఉన్న ఒక్కటీ మీ చేతులారా పోగొట్టుకోకండి. మీ క్షేమం కోరి చెబుతున్నా.”

కృష్ణకుమారి శ్రద్ధగా విని తల ఊపింది. అతను చెప్పినది ఆమెకు అర్థమైందనీ, ఇక రాయిని పెట్టెలో పెడుతుందనీ అందరూ అనుకున్నారు.

“రాధారాణిగారూ,” అంది. “పొద్దున పచ్చడి రోట్లో నూరామన్నారు. ఆ బండ ఒకసారి ఇస్తారా?”

రాధారాణి భర్త మొహంలోకి చూసింది. “వద్దు,” అన్నాడు చక్రపాణి. ఆమె ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కడిగి బోర్లించిన పచ్చడిబండను కొంగుతో తుడిచి తెచ్చి, అతని ముందు నుంచే చేయి చాపి బల్ల మీద పెట్టింది.

లాన్ మూవర్ ఆగిపోయింది.

కృష్ణకుమారి రాయిని ఉత్త బల్ల మీద నిలబెట్టింది. మళ్ళీ ఆలోచించి, నాప్‌కిన్ ఒకటి మడిచి దాని కిందకి తోసింది. దెబ్బ ఎక్కడ తగిలితే రాయి నత్త పక్క నుంచి విడుతుందో, ఎక్కడ తగిలితే నత్త పొడి అవుతుందో, ఆ గదిలో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరే ఉన్నారు. ఆ నత్తను సరైన వరసలో పెట్టి, శనివారం సాయంత్రం నుంచి అన్ని వైపులా తిప్పి చూసింది చంద్రిక మాత్రమే. ఆ సంగతి చక్రపాణికి తెలుసు. గుమ్మంలో ఉన్న లోకేష్‌కు తెలుసు. కాస్త అటు తగిలితే చాలు. అబద్ధమూ మిగలదు, నిజమూ మిగలదు. కాదనడానికి రాయి లేక, చంద్రిక మూడో చాప్టర్ ఒక్కటే మిగులుతుంది.

కృష్ణకుమారి పచ్చడిబండను చేతిలోకి తీసుకుని బరువు చూసింది. తర్వాత దాన్ని బల్ల మీదుగా చంద్రిక ముందుకు జరిపింది.

“వాడు పోయేదాకా ఎవరూ వాడి మాట వినలేదు. నిన్న నువ్వు విన్నావు, విని ఊరుకున్నావు,” అంది. “నువ్వే కొట్టమ్మా. నేను చూస్తాను.”

బండకు గోంగూర వాసన ఇంకా పోలేదు. చంద్రిక దాన్ని రెండు చేతులతో ఎత్తింది.